ఆరుబయటి చెక్క కుర్చీ: ప్లానులో ముందు చూడాల్సింది పక్కబొమ్మ

చెక్క కుర్చీ ప్లాను కావాలని నెట్‌లో వెతికితే వందల్లో దొరుకుతాయి. కొన్ని ఉచితం, కొన్నిటికి డబ్బు కట్టాలి. దాదాపు ప్రతిదానికీ పైన ఒక ఫోటో: పచ్చటి లాన్, ఏటవాలు ఎండ, మధ్యలో మెరిసే ఖాళీ కుర్చీ. చాలామంది ఆ ఫోటో చూసే ఎంచుకుంటారు. అందులో మనిషి కూర్చుని ఉండడు కాబట్టి నడుముకు ఏం ఆనుతుందో, తొడల కింద అంచు ఎక్కడ ఒత్తుతుందో, లేవాలంటే ఎంత బలం పెట్టాలో అది చెప్పదు. ఇవన్నీ తెలిసేది ప్లాను లోపలి పేజీల్లో, కుర్చీని పక్కనుంచి చూపిస్తూ గీసిన బొమ్మలో. దాన్ని పక్కబొమ్మ అందాం.

ప్లాను ఎంపిక మొత్తం ఆ ఒక్క బొమ్మతో మొదలవ్వాలని నా గట్టి నమ్మకం. కొలతలు వేసిన పక్కబొమ్మ లేని ప్లానును, ఫోటో ఎంత బాగున్నా, పక్కన పెట్టేయండి. కుర్చీ వెడల్పు రెండు అంగుళాలు అటూ ఇటూ అయితే ఎవరికీ నష్టం లేదు. పక్కబొమ్మలో ఒక గీత నాలుగు డిగ్రీలు తప్పితే మాత్రం ఆ కుర్చీలో పది నిమిషాలు కూర్చోలేం.

ఆరుబయటి కుర్చీల్లో చాలామంది చేసుకునేది అమెరికా వాళ్ల అడిరాండాక్ కుర్చీ. చేతులు పళ్లెంలా వెడల్పుగా, సీటు వెనక్కి దిగిపోయి, వీపు పలకలు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి కదా, అదే. దాని పుట్టుక తెలిస్తే ప్లానులో ఏది ముఖ్యమో సగం అర్థమవుతుంది. 1903లో థామస్ లీ అనే ఆయన, న్యూయార్క్ రాష్ట్రంలో షాంప్లేన్ సరస్సు ఒడ్డున ఉన్న వెస్ట్‌పోర్ట్‌లో, తన వేసవి ఇంటికి ఆరుబయట వేసుకునే కుర్చీలు కావాలనుకున్నారు. వరసగా నమూనాలు చేసి, ఇంట్లోవాళ్లనీ బంధువుల్నీ వాటిలో కూర్చోబెట్టి, వాళ్లు చెప్పినదాన్ని బట్టి సరిదిద్దుకుంటూ పోయారు. చివరికి తేలిన నమూనాను హారీ బన్నెల్ అనే వడ్రంగి స్నేహితుడికి, చలికాలంలో పని ఉంటుందని ఇచ్చారు. బన్నెల్ దానికి 1904లో తన పేరు మీదే పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1905 జూలైలో 794,777 నంబరుతో అది మంజూరైంది. అప్పటి కుర్చీకి వీపు వెడల్పాటి పలకలతో ఉండేది. సన్నటి పలకలతో విచ్చుకునే వీపు తర్వాత వచ్చింది. ఇర్వింగ్ వోల్పిన్‌కు 1938లో దక్కిన పేటెంటులో అది కనిపిస్తుంది.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది లీ ఎదుర్కొన్న చిక్కు. మెత్త లేకుండా, గుడ్డ లేకుండా, పేము అల్లిక లేకుండా, ఉట్టి బల్లచెక్కతో సుఖంగా ఉండే కుర్చీ కావాలి. మన ఇళ్లలో వసారాలో వేసుకునే పడక కుర్చీకి ఈ చిక్కు లేదు. దానికి బిగించే గుడ్డ మనిషి ఒంటిని బట్టి సాగి, నడుము దగ్గర వంగి, తనే ఆకారం తెచ్చుకుంటుంది. పొడుగు మనిషి కూర్చున్నా పొట్టి మనిషి కూర్చున్నా సర్దుకుంటుంది. చెక్క సర్దుకోదు. గుడ్డ చేసే పనంతా చెక్క కుర్చీలో కోణాలే చేయాలి. అందుకే పడక కుర్చీ కొలతల్లో కాస్త తేడా వచ్చినా చెల్లుతుంది, చెక్క కుర్చీలో చెల్లదు.

రెండు వాలుల లెక్క

పక్కబొమ్మలో చూడాల్సిన కోణాలు రెండు. సీటు వెనక్కి ఎంత వాలింది, వీపు నిట్టనిలువుకు ఎంత వెనక్కి ఒరిగింది. ఈ రెండూ విడివిడిగా పనిచేయవు, జంటగానే చూడాలి.

వీపు వెనక్కి ఒరిగితే వెన్నుకు సుఖం. స్వీడన్ ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960ల్లో వెన్నుపూసల మధ్య డిస్కుల్లోకి సన్నటి సూది దింపి లోపలి ఒత్తిడి కొలిచారు. ఆసరా లేకుండా కూర్చున్నప్పుడు నిలబడినప్పటికన్నా ఒత్తిడి ఎక్కువని తేలింది. వీపుకు ఆసరా ఇచ్చి వెనక్కి ఒరగనిస్తే ఆ ఒత్తిడి తగ్గుతుందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. పై ఒంటి బరువులో కొంత వీపు పలక మోస్తుంది కాబట్టి అలా అవుతుంది. అయితే వీపు ఒరిగినకొద్దీ ఆ బరువు తుంటిని ముందుకు తోస్తుంది. సీటు సమతలంగా ఉంటే మనిషి నెమ్మదిగా ముందుకు జారిపోతాడు, నడుముకూ పలకకూ మధ్య సందు పడుతుంది, పావుగంటలో నడుము లాగడం మొదలవుతుంది. నున్నగా పాలిష్ చేసిన చెక్క అయితే ఇంకా త్వరగా జారతాం. సీటును కూడా వెనక్కి వాల్చేది ఈ జారుడును ఆపడానికే.

దీనికో చిన్న లెక్క ఉంది. 90కి వీపు వాలు కలిపి, అందులోంచి సీటు వాలు తీసేస్తే సీటుకూ వీపుకూ మధ్య కోణం వస్తుంది. వీపు 30 డిగ్రీలు, సీటు 15 డిగ్రీలు అయితే 105. వీపు 25, సీటు 5 అయితే 110. ఇది 100కూ 110కీ మధ్య ఉంటే ఆరుబయట తీరిగ్గా కూర్చునే కుర్చీకి బాగుంటుంది. 95కు దిగితే పొట్ట నొక్కుకుపోతుంది, భోంచేసి కూర్చుంటే మరీ తెలుస్తుంది. 115 దాటితే కాళ్లకు కూడా ఆసరా కావాలి, అంటే పడక కుర్చీలా ముందుకు చాచే చేతులో, ఒక కాళ్ల పీటో. ప్లానులో ఈ మధ్య కోణం రాసి ఉండకపోవచ్చు. రెండు వాలులు ఉంటే మనమే వేసుకోవచ్చు. అవీ లేకపోతే బొమ్మ మీద కోణమానిని పెట్టి కొలవండి.

సీటు వాలు ఇచ్చే సుఖానికి మూల్యం లేచేటప్పుడు కడతాం. 18 అంగుళాల లోతున్న సీటు 15 డిగ్రీలు వాలితే వెనక అంచు ముందు అంచుకన్నా నాలుగున్నర అంగుళాలకు పైగా కిందికి దిగుతుంది. ముందు అంచు నేలనుంచి 15 అంగుళాల ఎత్తులో ఉంటే వెనక అంచు పదిన్నర దగ్గరికి వస్తుంది. అంటే మనిషి దాదాపు పీట మీద కూర్చున్నట్టే. మోకాళ్లు తుంటికన్నా పైకి వస్తాయి. పాతికేళ్లవాళ్లకు అది హాయి. మోకాళ్ల నొప్పులున్న అరవై అయిదేళ్ల మనిషికి అందులోంచి లేవడం పెద్ద పని, ఇంకొకరు చెయ్యి అందించాలి. అదే సీటు 5 డిగ్రీలే వాలితే వెనక అంచు ఒకటిన్నర అంగుళం మాత్రమే దిగుతుంది.

అమెరికాలో సొంత ఇల్లు కొనుక్కుని, పెరట్లో డెక్ (చెక్క పలకల అరుగు) వేసుకుని, వారాంతాల్లో ఇలాంటి కుర్చీలు చేసుకునే మనవాళ్లకి ఇది ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తుంది. వేసవిలో అమ్మానాన్నలు వచ్చి ఆర్నెల్లు ఉన్నప్పుడు ఆ కుర్చీల్లో రోజూ కూర్చునేది వాళ్లే. పిల్లలు ఆఫీసుకూ బడికీ వెళ్లాక పగలంతా ఆ పెరడే వాళ్ల వీధి అరుగు. అలాంటి ఇంటికి ముందు అంచు 17, 18 అంగుళాలు, సీటు వాలు 5 నుంచి 8 డిగ్రీలు, లోతు 16, 17 అంగుళాలు ఉన్న ప్లాను వెతకండి. కుర్చీ చేతులు సీటు ముందు అంచును కాస్త దాటి ముందుకు రావాలి, అరచేతులు ఆనించి ఒంటిని పైకి తోసుకోవడానికి. ఇలాంటివి ఎత్తు పెంచిన అడిరాండాక్ అన్న పేరుతో దొరుకుతాయి. తోట బల్లకు జతగా చేసే నిలువు కుర్చీల ప్లాన్లు కూడా పెద్దవాళ్లకు బాగా నప్పుతాయి.

చేతుల ఎత్తు దగ్గర చాలా ప్లాన్లు తప్పుతాయి. కాగితం మీద చేతులు సీటుకన్నా 6 అంగుళాలు పైన అని ఉంటుంది, తక్కువేనేమో అనిపిస్తుంది కూడా. ఆ కొలత ముందు అంచు దగ్గర తీసినది. చేతులు నేలకు సమాంతరంగా వెనక్కి పోతాయి, సీటు కిందికి దిగుతుంది. పైన చెప్పిన 15 డిగ్రీల సీటులో తుంటి ఆనేచోట ఆ తేడా తొమ్మిదిన్నర అంగుళాలు అవుతుంది. భుజాలు చెవుల వైపు లేస్తాయి, మెడ పట్టేస్తుంది. కొలత ఎప్పుడూ మనిషి కూర్చునేచోటు నుంచి, అంటే వీపు పలకకు నాలుగైదు అంగుళాలు ముందునుంచి తీయాలి. అక్కడ 7 నుంచి 9 అంగుళాలు ఉంటే మోచేతులు హాయిగా ఆనుతాయి.

వీపు ఎత్తు గురించి కూడా చూడండి. వీపు పాతిక డిగ్రీలు దాటి ఒరిగితే తలకూ ఆసరా కావాలి, లేకపోతే తల బరువంతా మెడ కండరాల మీదే పడుతుంది. బాగా ఒరిగి, భుజాల దగ్గరే ఆగిపోయే పొట్టి వీపున్న ప్లాన్లు ఫోటోలో నాజూగ్గా కనిపిస్తాయి. వాటి జోలికి పోవద్దు.

ఎవరి ఒంటికి గీసిన ప్లాను

నెట్‌లో దొరికే ప్లాన్లలో ఎక్కువ భాగం అమెరికా, కెనడా, ఇంగ్లండ్‌లలో గీసినవి. అమెరికాలో మగవారి సగటు ఎత్తు సుమారు 5 అడుగుల 9 అంగుళాలు, ఆడవారిది సుమారు 5 అడుగుల 4 అంగుళాలు. మన దగ్గర అంతకు మూడు నాలుగు అంగుళాలు తక్కువ. ఈ తేడా ఎక్కువగా దెబ్బతీసేది సీటు లోతు దగ్గర. ఆరడుగుల మనిషికి 20 అంగుళాల లోతు సరిపోతుంది. అయిదడుగుల మనిషి అందులో వెనక్కి జరిగి కూర్చుంటే ముందు అంచు మోకాలి వెనక నరాల మీద ఒత్తుతుంది, పాదాలు నేలకు ఆనవు. ముందుకు జరిగితే వీపు పలకకు ఆనదు. దిండు వేసుకోవడం తప్ప దారి లేదు. దిండు వేసుకోవాల్సి వస్తే ఇంత శ్రమపడి చెక్క కోణాలు చూసుకున్నదంతా వృథా.

కాబట్టి ప్లాను తెరవకముందే టేపు తీసుకుని కూర్చునేవాళ్లను కొలవండి. సమతలంగా ఉన్న బెంచీ మీద, గోడకు వీపు ఆనించి, పాదాలు నేలమీద పూర్తిగా ఆనేలా కూర్చోబెట్టండి. గోడనుంచి మోకాలి వెనక మడత దాకా ఎంత ఉందో చూసి, అందులో రెండు అంగుళాలు తీసేస్తే అది సీటు లోతు. నేలనుంచి అదే మడత దాకా ఉన్న ఎత్తు సీటు ముందు అంచుకు గరిష్ఠం, అంతకు మించకూడదు. కాళ్లు చాచుకుని కూర్చునే కుర్చీ అయితే దానికన్నా ఒకటి రెండు అంగుళాలు తగ్గించవచ్చు. బెంచీ నుంచి మోచేతి దాకా ఎత్తు, భుజాల వెడల్పు కూడా రాసుకోండి. ఇంట్లో అందరూ కూర్చునే కుర్చీ అయితే సీటు లోతు, ఎత్తు పొట్టివాళ్లను బట్టి, వెడల్పు భారీగా ఉన్నవాళ్లను బట్టి, వీపు ఎత్తు పొడుగువాళ్లను బట్టి పెట్టుకోవాలి. తక్కువ లోతున్న సీటులో పొడుగు మనిషి సర్దుకోగలడు, ఎక్కువ లోతున్నదాంట్లో పొట్టి మనిషి సర్దుకోలేడు.

కొలతలు తేడా వస్తే ప్లానును మార్చుకోవచ్చా? కొన్ని మార్చుకోవచ్చు. వెడల్పు పెంచడం, తగ్గించడం తేలిక, అడ్డపలకల పొడవు మారుతుంది అంతే. వీపు ఎత్తు కూడా అంతే. సీటు లోతు తగ్గించాలంటే వీపు కింది ఆధారాన్ని ముందుకు జరపాలి, దానితో పాటు పై ఆధారం కూడా అంతే జరగాలి, లేకపోతే వీపు కోణం మారిపోతుంది. అసలు జాగ్రత్త సీటు వాలు మార్చేటప్పుడు కావాలి. అడిరాండాక్ తరహాలో సీటును మోసే పక్క పలకే వెనక్కి సాగి నేలకు తగిలి వెనక కాలు అవుతుంది. వాలు తగ్గించాలని ఆ పలకను పైకి లేపితే వెనక భాగం నేలకు అందదు. అందడానికి సీటు వెనక నిలువుగా ఒక కాలు తగిలిస్తే వెనక కాలు ముందుకు వచ్చేస్తుంది. వీపు ఒరిగిన కుర్చీలో ఒంటి బరువు వెనకే ఉంటుంది కాబట్టి అలాంటి కుర్చీ వెనక్కి బోల్తాపడే ప్రమాదం ఉంది. వాలు తగ్గించిన మంచి ప్లాన్లలో వెనక కాలు విడిగా, బాగా వెనక్కి చాచి ఉంటుంది. అందుకే తల్లిదండ్రులకోసం చేసేవాళ్లు లోతైన అడిరాండాక్ ప్లాను తీసుకుని సాగదీయడం కన్నా, మొదట్నుంచీ ఎత్తుగా గీసిన ప్లాను తీసుకోవడమే మంచిదంటాను.

కాగితం మీద కనిపించని చిక్కులు

మంచి ప్లానులో పక్కబొమ్మ కాక ఇంకా ఏముండాలి? ప్రతి ముక్క పొడవు, వెడల్పు, మందం రాసిన పట్టిక. వంపు ముక్కలకు అసలు సైజులో అచ్చులు, లేదా గళ్ల మీద గీసిన వంపు. ఏ ముక్క తర్వాత ఏది బిగించాలో వరస. స్క్రూల పొడవు, మందం. ఇవి ఉంటే చాలు. నలభై పేజీల రంగుల ఫోటోలు ఉన్నంత మాత్రాన ప్లాను గొప్పది కాదు, రెండు పేజీల్లో ఇవన్నీ ఇమిడే ప్లాన్లు ఉన్నాయి.

మందం పట్టిక దగ్గర ఇండియాలో ఉన్నవాళ్లు ఆగి చూడాలి. అమెరికా ప్లానులో ఒకటి బై ఆరు పలక అని ఉంటే అది నిజంగా ఒక అంగుళం మందం, ఆరు అంగుళాల వెడల్పు కాదు. చిత్రిక పట్టి ఆరిన తర్వాత ముప్పావు అంగుళం మందం, అయిదున్నర అంగుళాల వెడల్పు ఉంటుంది. రెండు బై నాలుగు అంటే ఒకటిన్నర, మూడున్నర. అక్కడి దుకాణాల్లో అలా కోసినవే అమ్ముతారు కాబట్టి ప్లాను గీసినవాళ్లు దాన్ని వివరించరు. ఇక్కడ సామిల్లులో ఒకటి బై ఆరు అని చెప్తే అచ్చంగా అంగుళం మందంలో కోసి ఇస్తారు. ప్లానులో ముప్పావు అంగుళానికి గీసిన గాడిలో ఆ పలక దిగదు. ఏడు పలకలు పక్కపక్కన పేరిస్తే అర అంగుళం చొప్పున మూడున్నర అంగుళాలు పెరిగిపోతుంది. పట్టికలో ఉన్నవి పేరు కొలతలా, నిజం కొలతలా అన్నది తేల్చుకుని, అన్నిటినీ నిజం కొలతల్లోకి మార్చి రాసుకుని, అప్పుడు టింబర్ డిపోకు వెళ్లండి. చిత్రిక పడితే రెండు వైపులా కలిపి కొంత పోతుంది, ఆ మేరకు మందంగా కోయించుకోవాలి.

కొనాల్సిన చెక్క లెక్క కష్టం కాదు. పొడవు, వెడల్పు, మందం అంగుళాల్లో హెచ్చించి 1,728తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 21 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న సీటు పలకలు ఏడు కావాలంటే 441 ఘనపుటంగుళాలు, అంటే ఘనపుటడుగులో సుమారు పావు. ఇలా అన్ని ముక్కలూ కలిపి, వృథాకు మరో పావు వంతు చేర్చుకోండి. వంపు ముక్కలు ఎక్కువున్న ప్లానుకు అది కూడా చాలకపోవచ్చు.

ఇంకో చిక్కు ప్రింటరుది. అమెరికా ప్లాన్లు లెటర్ సైజు కాగితానికి తయారవుతాయి, మన ప్రింటర్లలో ఉండేది ఏ4. పేజీకి సరిపోయేలా అన్న ఎంపిక పెట్టి ముద్రిస్తే అచ్చు నాలుగైదు శాతం కుంచించుకుపోవచ్చు. 36 అంగుళాల పక్క పలక మీద నాలుగు శాతమంటే దాదాపు అంగుళంన్నర. నూటికి నూరు శాతం సైజులో ముద్రించి, ఏదో ఒక తెలిసిన కొలతను స్కేలుతో సరిచూసుకోండి. అంగుళం గడి గీసి ఇచ్చిన ప్లాను అయితే పని ఇంకా సులువు.

కోణాలు రాసే పద్ధతి కూడా రెండు రకాలు. పలక చివరను నిటారు కోతనుంచి 15 డిగ్రీలు తిప్పి కోయమని ఒక ప్లాను అంటే, అదే కోతను పలక అంచునుంచి కొలిచి 75 డిగ్రీలు అని ఇంకొకటి రాస్తుంది. కోత రంపం మీద 75 అన్న గీతే ఉండదు, 15 దగ్గర పెట్టాలి. మొదటిసారి చేసేవాళ్లు ఇక్కడ తికమకపడి మంచి చెక్క పాడుచేసుకుంటారు.

వానకు జవాబు చెప్పే ప్లాను

ఇంట్లో కుర్చీకీ బయట కుర్చీకీ తేడా నీళ్లే. ప్లాను గీసినవాళ్లకు ఆ సంగతి తెలుసో లేదో బొమ్మలోనే తెలిసిపోతుంది. సీటు పలకల మధ్య కనీసం పావు అంగుళం సందు ఉందా? నీళ్లు కారిపోవడానికి ఒక్కటే కాదు, చెక్క ఉబ్బడానికి కూడా ఆ చోటు కావాలి. అయిదున్నర అంగుళాల పైన్ పలక ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య ఎనిమిదో వంతు అంగుళం దాకా వెడల్పు మారగలదు. సందులేకుండా పేర్చి జిగురు పెట్టిన సీటు మొదటి వానాకాలానికే పైకి లేస్తుంది. వాన నీళ్లు నిలిచే గుంటల్లో, పైకి తెరిచి ఉన్న అతుకుల్లో కుళ్లు మొదలవుతుంది. చేతుల మీద ఏ గాడీ లేకపోవడం మంచిది.

కాళ్ల చివరలు మరో బలహీనత. కోసిన చివర్లలో చెక్క గొట్టాలు తెరుచుకుని ఉండి నేల తడిని పైకి పీల్చుకుంటాయి. ఎపాక్సీ గానీ, నీళ్లకు తట్టుకునే జిగురు గానీ రెండు పూతలు పూసి, కింద ప్లాస్టిక్ బిళ్లలు బిగించాలి. ప్లానులో లేకపోయినా ఇది చేసుకోండి.

స్క్రూల దగ్గర పొదుపు చేయొద్దు. మామూలు ఇనుప స్క్రూ తుప్పు పట్టడమే కాదు, టేకు, ఓక్, తుమ్మ లాంటి చెక్కల్లో ఉండే వగరు పదార్థంతో కలిసి నల్లటి మరక చేస్తుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు చాలా ఊళ్లకు సరిపోతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే చోట 316 రకం అడగండి. బరువు మోసే చోట, అంటే ముందు కాలు పక్క పలకను కలిసేచోటా, చేతి కిందా, స్క్రూ ఒక్కటే కాక నట్టూ బోల్టూ చూపించిన ప్లాను ఎక్కువకాలం నిలుస్తుంది. వదులైతే స్పానరుతో బిగించుకోవచ్చు. ఒక చెక్క చివరను నాలుకలా చెక్కి ఇంకో చెక్క గుంటలో దించే అతుకు మన వడ్రంగులకు చిన్నప్పట్నుంచీ తెలిసిన విద్య. వడ్రంగితో చేయించుకునేవాళ్లు స్క్రూల బదులు ఆ అతుకున్న ప్లాను ఎంచుకోవచ్చు, కొయ్య మేకు దింపితే జిగురు పోయినా అతుకు ఊడదు.

చెక్క విషయానికొస్తే, ఏ చెట్టు అన్నదానికన్నా చేవ, అంటే మాను నడిమి ముదురు చెక్క, ఉందా లేదా అన్నది పెద్ద ప్రశ్న. టేకు ఆరుబయట దశాబ్దాలు ఉంటుందన్న పేరు దాని చేవది. తోటల్లో పెంచి త్వరగా కొట్టిన లేత టేకులో బెరడు కింది తెల్లచెక్కే ఎక్కువ, దానికి చెదలూ పడుతుంది, కుళ్లూ వస్తుంది. డిపోలో పలక చివర చూస్తే ముదురు రంగు ఎంతుందో తెలుస్తుంది. నన్నడిగితే ఆంధ్రలో, తెలంగాణలో ఈ పనికి మేలైన సరుకు పాత ఇళ్లు విప్పినప్పుడు వచ్చే దూలాలు, వాసాలు, ద్వారబంధాలు. ముదురు చేవ, ఏళ్ల తరబడి ఆరిన చెక్క, ఇక వంకర పోదు. లోపల విరిగిన మేకులు ఉంటాయి, రంపం పెట్టేముందు అయస్కాంతంతో తడిమి చూడాలి. నల్లమద్ది, ఏగిస, తుమ్మ కూడా గట్టివే, కాకపోతే బరువు, చేతి పనిముట్లకు లొంగవు, ముందే బెజ్జం వేయకుండా స్క్రూ దింపితే చీలిపోతాయి. వేప దొరుకుబడి ఎక్కువ, బాగా ఆరబెట్టకపోతే వంకర పోతుంది. అమెరికాలో ఉన్నవాళ్లకు ఎర్ర సెడార్ తేలిక, కోయడం సులువు, కాస్త మెత్తన. అక్కడ ఓక్ కొనేటప్పుడు తెల్ల ఓక్ అని అడగాలి, ఎర్ర ఓక్ గొట్టాలు తెరిచి ఉండి నీళ్లు తాగుతుంది.

చెక్కను బట్టి ప్లాను మందాన్ని కూడా చూసుకోవాలి. మెత్తటి సెడార్‌కు గీసిన ప్లానులో ఒకటిన్నర అంగుళాల కాళ్లుంటాయి. అదే కొలతతో నల్లమద్దిలో చేస్తే కుర్చీని ఇద్దరు మోయాలి. గట్టి చెక్కలో కాళ్లు అంగుళానికి తగ్గించవచ్చు, అప్పుడు గాడుల కొలతలు కూడా మార్చాలని మరవకూడదు.

పై పూత విషయంలో నాది ఒకటే మాట: మందంగా పొరకట్టే వార్నిష్ ఎండకు పగిలి, పొర కిందికి నీళ్లు దూరి, చెక్కను లోపల్నుంచి నాననిస్తుంది. ఏటా ఓసారి పూసుకునే నూనె పూత సులువు. టేకు అయితే ఏమీ పూయకపోయినా బూడిదరంగుకు తిరుగుతుందే తప్ప పాడవదు.

పనితనం ఎంత కావాలన్నది కూడా ఎంపికలో భాగమే. వీపు పలకలన్నీ ఒకే చదునులో ఉండే ప్లాను ఒక రంపం, ఒక డ్రిల్లుతో అయిపోతుంది. వీపు అడ్డంగా లోపలికి వంపు తిరిగిన ప్లానుకు ఆధారపు పలకల్ని జిగ్‌సాతో వంపుగా కోయాలి, ఒక పూట పని ఎక్కువ. చదును వీపు భుజపుటెముకల దగ్గర ఒత్తుతుంది, వంపు వీపు ఒంటిని పొదువుకుంటుంది. సీటు కూడా వెనక భాగంలో కాస్త గిన్నెలా దిగి, ముందు అంచు గుండ్రంగా కిందికి తిరిగితే తొడల కింద ఒత్తిడి ఉండదు. అలంకారపు వంపుల్ని వదిలేయండి, ఈ రెండు వంపుల్ని మాత్రం వదలొద్దు.

ప్లాను ఖాయం చేసుకున్నాక చెక్క కొనేముందు దాని పక్కబొమ్మను అసలు సైజులో ఒక ప్లైవుడ్ షీటు మీదో, వసారా గచ్చు మీదో సుద్దతో గీయండి. నేల గీత, సీటు గీత, వీపు గీత, చేతి గీత, ఇంతే. వడ్రంగికి ఫోన్‌లో ఫోటో చూపించే బదులు ఈ గీత చూపిస్తే, ఏ కోణం ముఖ్యమో, ఏది ఆయన ఇష్టానికి వదిలేశారో మాటలు లేకుండానే తెలుస్తుంది. తర్వాత ప్యాకింగ్ పెట్టెల చెక్కతో చేతులు లేకుండా, ఇసుక కాగితం పట్టకుండా, సీటూ వీపూ మాత్రమే ఉన్న ఒక నమూనా కొట్టండి. ఆ చెక్క మీద హెచ్‌టీ ముద్ర ఉంటే వేడితో శుద్ధి చేసినది, వాడుకోవచ్చు. ఎంబీ అని ఉంటే పురుగుమందు పట్టించినది, వద్దు. అమెరికాలో ఉన్నవాళ్లు 2004కు ముందు వేసిన పాత డెక్ చెక్క జోలికి కూడా పోవద్దు, అప్పట్లో వాటికి ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించేవారు.

ఆ నమూనాలో కుర్చీ ఎవరికోసమో వాళ్లనే అరగంట కూర్చోనివ్వండి, పేపరు చదువుకుంటూనో, ఫోన్ మాట్లాడుకుంటూనో. అయిదు నిమిషాల్లో ఏ కుర్చీ అయినా బాగుందనే అంటారు, ఇరవై నిమిషాలు దాటాకే నడుమూ తొడలూ నిజం చెప్తాయి. చెయ్యి అందించకుండా లేవమనండి. వెనక కాలి కింద అర అంగుళం చెక్కముక్క పెట్టి మళ్లీ, తీసేసి మళ్లీ కూర్చోబెట్టి చూడండి. ఏది బాగుందన్నారో ఆ కొలతను ప్లాను మీద పెన్నుతో దిద్ది, ఆ దిద్దిన కాగితం పట్టుకుని టింబర్ డిపోకు వెళ్లండి.